బొమ్మరింట బిడ్డకు చోటేల లేదు?

సంక్రాంతి సెలవులకు కోడూరు వచ్చిన మా అక్కగారి మనుమడు భోగినాటి మధ్యాహ్నము అరుగుమీద లాప్‌టాప్ తెరచి, రెండేండ్లపాటు రాక్షసులను చంపి సంపాదించిన బంగారముతో తానొక మాయాలోకమున కట్టుకొన్న సౌధమును ఆమెకు చూపుచుండెను. చలువరాతి సోపానములు, రంగుటద్దముల గవాక్షములు, గోడలకు వ్రేలాడు ఖడ్గములు, నిప్పు ఆరని పొయ్యి, పండ్లు వాడని పళ్ళెము, పెరటిలో రెక్కల గుఱ్ఱము, అన్నియు చూచి, కండ్లజోడు సవరించుకొని, ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇంత కొంప కట్టావు, బానే ఉంది. పిల్లా జెల్లా ఒక్కళ్ళూ లేరేంరా?" వాడు నవ్వి, "పిల్లలుండరు నాయనమ్మా, ఆ ఆటలో పెట్టరు" అనెను. "ఏం, ఎందుకు పెట్టరు?" అని ఆమె గద్దించినట్లే అడిగెను. వాడు తనకు తెలిసిన కారణములు నాలుగైదు చెప్పబోయెను గాని, సాయంత్రము పొరుగింటి పసివానికి భోగిపండ్లు పోయవలసియున్నందున, ఆమె రేగుపండ్లు ఏరుకొనుటకు లేచి పోయెను. కారణములు వినుట నా వంతయ్యెను.

విన్నకొలదిని నాకు తెలియవచ్చినదేమనగా, ఆ మాటలు వానివి కావు. ఆటలు తయారుచేయువారును, ఆడువారును, ఆడువారిని చూచి బెంగపడు తల్లిదండ్రులును, ఒకరి నొకరు సంప్రదింపకయే ఒక్క తీర్పునకు వచ్చియున్నారు: వేలమంది కలసి ఆడు కాల్పనిక క్రీడలలో ఆటగాని యింట శిశుపాత్ర నుంచుట అనవసరము, అసందర్భము, పైపెచ్చు అపాయకరము. ఇన్ని పక్షములవారు ఏకగ్రీవముగా నొప్పుకొన్న సంగతిని ఒక్కసారి తిరుగవేసి చూచుట నావంటి తీరిక గలవానికి విధియని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఈ ఇండ్ల సంగతి. ఆన్‌లైన్ ఆటలలో ఇల్లు కట్టుకొనుట నేటి ముచ్చట కాదు. 1997లో వెలువడిన అల్టిమా ఆన్‌లైన్ అను ఆటలో ఆటగాండ్రు బయలు చూచి ఇండ్లు కట్టుకొనిరి; కట్టుకొని కట్టుకొని, కొంతకాలమునకు ఆ లోకమున ఖాళీ స్థలమే కఱవై, మన పట్టణములలో వలెనే స్థలమునకు గిరాకి పుట్టెను. 2014లో వచ్చిన ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో 2017 ఫిబ్రవరి నుండి ఇండ్లు దొరకుచున్నవి. ఆ యింట మంచము వేసికొనవచ్చును, వృక్షము నాటవచ్చును. పద్దులు చూచు షరాబును, సరకులమ్ము వర్తకుని, సింహమును, శునకమును తెచ్చి నిలుపవచ్చును. బిడ్డను మాత్రము తేరాదు. వింత యేమనగా, అదే కల్పితలోకమున నడచు స్కైరిమ్ అను ఆటకు 2012లో హార్త్‌ఫైర్ అను అనుబంధమును చేర్చినప్పుడు, ఆటగాడు తన యిల్లు తాను కట్టుకొని, అనాథాలయము నుండియో వీధి నుండియో ఇద్దరు పిల్లలను దత్తత తెచ్చుకొనుటకు వీలు కల్పించిరి. వాండ్రకు బొమ్మ తెచ్చి యీయవచ్చును, చేతిఖర్చునకు కాసు లీయవచ్చును, వాండ్రతో దొంగాట లాడవచ్చును. స్కైరిమ్ ఒంటరిగా నాడు ఆట. అనగా ఒంటరిగా నున్నవానికి దత్తత చెల్లును, నలుగురిలోనికి వచ్చినవానికి చెల్లదు! లోకములో రివాజు దీనికి సరిగా తలక్రిందులు గదా.

ఇక ఆక్షేపణలు. వీరరసప్రధానమైన లోకమున పసిబిడ్డ కేమి పని యని మొదటి ప్రశ్న. ఖడ్గము పట్టి, కవచము తొడిగి, మహాసర్పములను వేటాడువాడు ఇంటికి వచ్చి బిడ్డ ముక్కు తుడుచునా యని పరిహాసము. ఈ మాట అన్నవారు ఏ వీరకథలు చదివిరో నే నెరుగను. పద్మవ్యూహభేదన రహస్యమును తల్లి కడుపులో నుండి విన్నది ఎవరు? అశ్వమేధాశ్వమును కట్టివేసి సేనల నాపినవారు ఏ వయసు వారు? పలనాటి యుద్ధమంత కథయు బొంగరమాడుకొను బాలచంద్రుని తాడు చివర తిరిగినది. బొంగరము తగిలి నొచ్చిన యొక స్త్రీ అనిన మాటయే వానిని రణరంగమునకు పంపినది. మన వీరగాథలలో బిడ్డ ప్రవేశింపనిదే వీరము వేడెక్కదు. మా కోడూరు నుండి అవనిగడ్డ, పులిగడ్డ, చల్లపల్లి దాటి, మొవ్వ మీదుగా పామర్రు పోవు త్రోవలో కూచిపూడి యున్నది. నారాయణతీర్థుల తరంగమునకు అచట నర్తకుడు ఇత్తడి పళ్ళెరపు అంచుపై పాదములు మోపి యాడును; నలువదియేండ్ల వాడైనను, మీసకట్టు గీసివేసిన గుఱుతు పైపెదవిపై నుండినను, ఆ క్షణమున వాడే వెన్న దొంగిలించు బాలుడు, మరుక్షణమున వానిని పట్టుకొనబోవు తల్లియు వాడే. చూచువారిలో ఒక్కడును ఇది అసందర్భమని లేచిపోయినట్లు వినలేదు. వయసువచ్చినవాడు లేని బిడ్డను ఊహించుకొని లాలించుటను బాలిశమని నవ్వువారు, ఈ దేశమున దేవునికే జోలపాట పాడి, ఊయల నూపి, పవళింపుసేవ చేయు భక్తిసంప్రదాయ మొకటి కలదని మరచిరి. అంతటి పరబ్రహ్మము ఉయ్యాలలో ఒదిగినప్పుడు ఒక ఆటగాని యింట ఒక చిన్నవాడు ఒదుగడా?

స్త్రీల ఆటపాటల సంగతి చెప్పనే యక్కరలేదు. పోతన రుక్మిణి శైశవమును వర్ణించుచు బొమ్మల పెండ్లిండ్లను, గుజ్జనగూళ్ళను ముచ్చటగా చెప్పినాడు. కొండపల్లి తెల్లపొణికి కొయ్యతో చెక్కిన బొమ్మలు, లక్కపిడతలు, పసుపుగుడ్డ చుట్టిన పాప, ఇవి పండుగనాడు కొలువుతీరినప్పుడు, వాని నడుమ ఏనుగు అంబారీయు నుండును, ఉయ్యాలలో శిశువును ఉండును. బొమ్మరిల్లు అను మాటయే చాలును: పిల్లలు లేని ఇంటికి ఆ పేరు తెలుగువాడు పెట్టియుండడు.

రెండవ ఆక్షేపణ నవ్వి త్రోసివేయదగినది కాదు. అంతర్జాల క్రీడాస్థలములలో దుష్టులుందురు. శిశురూపము కనబడిన చోట వారి చూపు పడును. అట్టి రూపమునే లేకుండ చేసినచో పీడ వదలును అని ఆ వాదము. ఇందలి భయము నిజమైనది. 2003లో ఆరంభమైన సెకండ్ లైఫ్ అను లోకమున పెద్దవారే పిల్లల రూపము తొడిగికొని తిరుగుచు చేయరాని పనులు చేయుచున్నారని 2007లో జర్మనీ దేశపు టెలివిజన్ బయటపెట్టినది. నిర్వాహకులు నిషేధములు విధించిరి. 2024లోను ఆ రూపములకు మఱింత కఠినమైన నిబంధనలు వ్రాసిరి. మన దేశమున సమాచార సాంకేతిక చట్టపు 67బి విభాగము బాలలను అశ్లీలముగా చిత్రించుటను నేరముగా నెంచుచున్నది, ఎంచవలసినదే. ఇంతవరకు నాకును ఆక్షేపకులకును భేదము లేదు. భేద మెచటననగా, వారు రెండు వేరు వస్తువులను ఒకే బుట్టలో వేయుచున్నారు. ఒకటి వేషము, రెండవది పాత్ర. సెకండ్ లైఫ్‌లో జరిగినది వేషము: ఎచటనో కూర్చున్న ఒక మనుష్యుడు శిశువు తోలు కప్పుకొని వచ్చెను, ఆ తోలు వెనుక వాని బుద్ధి యున్నది. నే నడుగుచున్నది పాత్ర: ఆట తానే నడుపునది, ఎవ్వరును తొడుగుకొన వీలులేనిది, తన గడప దాటి పరుల చేతికి పోనిది, ఆడుకొనుటకును అన్నమునకును కథకును తప్ప మఱి దేనికిని బదులు పలుకనిది. వీధినాటకమున ఎవడో రాక్షసవేషము వేసి ఊరివారిని కొట్టెనని, ఇంటిలోని గోడబొమ్మలను చెరపివేయుట ఏ న్యాయము?

చెరపివేసినచో నేమగునో లోకమొకసారి చూచియున్నది. 1998లో వెలువడిన ఫాలౌట్ 2 అను ఆటలో ఒక ఊరి అంగళ్ళ ముందు నిలిచి, వచ్చిపోవువారి జేబులు కొట్టు పిల్లలుందురు. ఆ ఆటలో ఎవరినైనను చంపవచ్చును గనుక, ఐరోపా ఖండమున అమ్మినప్పుడు ఆ పిల్లల రూపములను తీసివేసిరి. రూపములను మాత్రమే తీసిరి; పిల్లలు మిగిలిరి. ఆటగాడు అంగడి గుమ్మము దాటగానే కంటికి కనబడని చేయి యేదో జేబులో దూరి సొమ్ము కాజేసెడిది! చూడరాదని తెరవేసిన బిడ్డ చూపునకు అందని దొంగ యయ్యెను. బిడ్డను తొలగించితిమని తృప్తిపడు నిర్మాతలకు ఈ కథ నెవరైన చెప్పవలయును.

మూడవది చంపుట సంగతి. శిశువు నుంచినచో ఎవడో కత్తి దూయును. దూసినను తెగదని నియమము పెట్టినచో అసహజమగును అని వాదము. స్కైరిమ్‌లో గ్రామముపై మహాసర్పము నిప్పులు కురిసినను భటుడు చచ్చును గాని బాలుడు చావడు. ఇది నవ్వుబాటని పలువురు వ్రాసిరి. నవ్వువారు నవ్వుదురు గాక. ఆ యాటలలో కథ నడుపుటకు కావలసిన మంత్రియు, పురోహితుడును ఎన్ని కత్తిపోట్లు తగిలినను చావరు. దానికి నవ్వనివారికి బిడ్డ చావనప్పుడే సహజత్వము గుర్తుకువచ్చుట వింత. బిడ్డలు చచ్చుట ఎట్లుండునో ఆటలో చూచి తెలిసికొనవలసిన యక్కర మా దివిసీమ వారికి లేదు. 1977 నవంబరు 19, శనివారము. సముద్రము కట్టలు దాటి తాటిచెట్ల యెత్తున లోపలికి వచ్చినది. చనిపోయినవారు పదివేలకు మించిరి. సొర్లగొంది వంటి తీరగ్రామములలో ఇంటికొకరు కాదు, ఇండ్లకు ఇండ్లే పోయినవి. తల్లి కొంగుకు బిడ్డను కట్టుకొని చెట్టెక్కిన వారున్నారు; తెల్లవారి కొంగు మిగిలినవారును ఉన్నారు. నాటి నుండి నేటివరకు ఈ ప్రాంతమున పుట్టుక లెక్కించుటకు పంచాంగ మక్కరలేదు: ఉప్పెనకు ముందు పుట్టినవాడు, ఉప్పెన తరువాత పుట్టినవాడు, అంతే. అట్టి ఊరిలో కూర్చుండి, కథలో నైనను చావని బిడ్డ యొక డుండుట అసహజమని ఒకడు చెప్పగా వినుట నాకు కష్టముగా నున్నది. చావని బిడ్డను కోరుకొనుటకంటె సహజమైన కోరిక మనుష్యునకు మఱొకటి కలదా?

నాలుగవది, అందరు తుదిబాణముగా ప్రయోగించునది, కొరియా దేశపు కథ. సువోన్ నగరమున 2009లో మూడు నెలల పసికందు ఆకలితో మరణించెను. తల్లిదండ్రులు రాత్రులెల్ల కంప్యూటర్ దుకాణమున కూర్చుండి ప్రియస్ అను ఆట ఆడుచుండిరి. ఆ ఆటలో ఆటగానివెంట అనిమా అను బాలిక యొకతె యుండెడిది, ఆమెను పెంచి పోషించుట ఆటలో భాగముగా నుండెడిది. కల్పితబాలికను పెంచుచు కన్నబిడ్డను చంపిరని 2010లో ఆ వార్త దేశదేశములలో మారుమ్రోగెను. దానిపై చిత్రమును తీసిరి. ఆ దేశమున 2011లో పదునారేండ్ల లోపువారు అర్ధరాత్రి ఆడరాదని శాసనమును చేసిరి. కొన్నేండ్లకు దానిని తామే ఎత్తివేసికొనిరి.

ఈ కథ విన్నవా డెవ్వడును తడబడక మానడు, నేనును తడబడితిని. కాని తడబాటు తగ్గిన పిదప ఆలోచింపుము. ఆ దంపతులకు కన్నబిడ్డకంటె అనిమా ఏల సులభ మయ్యెను? అనిమా అకాలమున ఏడువదు. పాలకు డబ్బు అడుగదు. నెలలు నిండకమునుపే పుట్టిన బిడ్డవలె దినదినగండముగా నుండదు. పైగా, ఎంతసేపు కూర్చున్న అంత ఫలము చేతిలో పెట్టును. అనగా ఆ కల్పితబాలిక దోషము బాలిక యగుట కాదు, హాజరుపట్టీ యగుట. అదే దోషము 1996లో జపాను నుండి వచ్చిన తమగోచి అను గ్రుడ్డంత యంత్రమునందును ఉండెను. ఎప్పటికప్పుడు మీట నొక్కి మేపకున్నచో లోపలి జీవి చచ్చెడిది గావున, పిల్లలు దానిని బడికి మోసికొనిపోయి బల్లక్రింద మేపిరి. రమ్మని బెదిరించునదియు, వచ్చినందులకు లంచమిచ్చునదియు బిడ్డ కాదు, అది అప్పులవాడు. కావున ఆటలోని బిడ్డ ఆటగాడు రాకున్న అలుగరాదు, వచ్చిన అదృష్టము కురియరాదు. పది దినములు రానివానికి బిడ్డ, "ఏం నాన్నా, ఎక్కడికెళ్ళావు?" అని యడిగి, జవాబు వినకయే తన పతంగి చూపుటకు లాగికొనిపోయిన చాలును. సువోన్ కథ శిశుపాత్రను నిషేధింపుమని చెప్పుటలేదు, శిశుపాత్ర మాటున వ్యసనమును అమ్మవలదని చెప్పుచున్నది. రెంటికిని నడుమ కృష్ణకును సముద్రమునకును ఉన్నంత భేదమున్నది, హంసలదీవి వద్ద రెండును కలసి ఒక్కటిగానే కనబడుచున్నను.

అమ్మవలదంటిని గనుక ఆక్షేపకుల చేతనున్న నిజమైన ఆయుధమును నేనే బయటపెట్టుదును. వారు దానిని తగినంతగా ప్రయోగింపలేదు. ఈ ఆటలలో ఇండ్లును, ఇంటిసామానును కొన్ని నిజమైన డబ్బునకు అమ్ముచున్నారు. రేపు బిడ్డల ననుమతించినచో అంగడిలో కుర్చీకి ప్రక్కన బిడ్డ కూర్చుండును: నీలికండ్ల బిడ్డ యింత, ఉంగరాల జుట్టు బిడ్డ యింత, పండుగ తగ్గింపుధర యింత. కొని తెచ్చి దీపస్తంభము ప్రక్కన నిలిపిన పిదప ఆ బిడ్డ దీపస్తంభము చేయు పనినే చేయును. ఇట్లు జరిగినచో నేను నా కలము మూసి ఆక్షేపకుల పక్షమున నిలుతును. కొండపల్లి బొమ్మను మనము డబ్బిచ్చి కొందుము నిజమే. కాని కొన్నది కొయ్యను, రంగును. దానికి పేరుపెట్టి, జ్వరము తెప్పించి, మందు మ్రింగించి, అలిగిన బ్రతిమాలి ఆడించునది పిల్ల. వెలకు వచ్చినది కొయ్య, ఊపిరి ఆమెది. ఆటగాని యింటికి బిడ్డ వచ్చుట కథలో నుండి రావలయును గాని కొట్టులో నుండి రాకూడదు. యుద్ధమున కాలిన పల్లెలో దొరకవచ్చును. తనంత తానే గుమ్మములో వచ్చి నిలువవచ్చును. సంతానము కోరి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునకు మ్రొక్కు దంపతులవలె ఆటగాడు ఏ గుడి మెట్లో ఎక్కి ఎదురుచూడవచ్చును. వలదనుకొన్నవానికి రానేవలదు, బిడ్డలు లేని ఇల్లు ఇల్లే కాదనునంత మూర్ఖుడను నేను కాను, బిడ్డలు లేనివారి మనసు నొప్పించుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు. కోరినవానికి త్రోవ మూయకుడనియే నా మనవి.

ఇన్ని ఆక్షేపణలను ఒక్కొక్కటిగా తడిమిన పిమ్మట నాకొక సందేహము మిగిలినది. ఇవి యన్నియు ఇంత తేలికగా విడిపోవునవియైనచో, ఇంతకాలము ఇంతమంది బుద్ధిమంతులు వీనిని ఏల పట్టుకొని వ్రేలాడుచున్నారు? దీనికి కారణము వీనిలో లేదు, వీని వెనుక నున్నది. వారు వెఱచుచున్నది బిడ్డకు కాదు, కాలమునకు.

ఆన్‌లైన్ కాల్పనికలోకమున కాలము నడువదు. పగలు రాత్రి యగును, రాత్రి పగలగును, కాని ఎవ్వడును ఒక్కదినము ముసలివాడు కాడు. నిన్న చేరినవానికిని పదేండ్ల క్రిందట చేరినవానికిని ఊరి ముంగిట అదే ముసలమ్మ అదే పోయిన కోడిని వెదకిపెట్టుమని అడుగవలయును గనుక, ఆ ముసలమ్మకు కోడి ఎన్నటికిని దొరకరాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలో ఏటేట బాలల వారోత్సవ మొకటి జరుగును. ఆటగాడు ఒక అనాథబాలుని వెంటబెట్టుకొని ఊళ్ళు చూపి తెచ్చును, వీడ్కొలుపును. మరుసటియేడు ఆ వారము మరల వచ్చును. అదే బాలుడు, అదే వయసు, అదే యూరు చూడవలయునని అదే కోరిక. మనసున్నవాడు రెండవయేడు ఆ పిల్లవాని మొగము చూడలేడు. స్టార్డ్యూ వ్యాలీ అను వ్యవసాయపుటాట 2016లో వచ్చినది, రెండేండ్లకు నలుగురు కలసి ఆడుటకు వీలైనది. అందు ఇద్దరు పిల్లలు పుట్టుదురు, ప్రాకుదురు, నడతురు, అచట ఆగిపోవుదురు. ఎన్ని పంటలు కోసినను వాండ్రు బడికి పోరు. విసుగుపుట్టిన ఆటగాడు ఒక మంత్రగత్తె గుడిసెకు పోయి కానుక సమర్పించినచో ఆ పిల్లలు పావురములై యెగిరిపోవుదురు. కల్పన చక్కనిదే, కాని ఎదుగని బిడ్డకు ఎగిరిపోవుట తప్ప మఱి గతి యేమున్నది? ఇదే రహస్యమును ద సిమ్స్ అను ఆట చేసినవారు త్వరలోనే కనుగొనిరి. 2000లో వచ్చిన మొదటి యాటలో పిల్లలు పిల్లలుగానే యుండిరి. 2004లో వచ్చిన రెండవ దానిలో వారు పెరిగిరి, పెండ్లాడిరి, తలిదండ్రులు ముసలివారై పోయిరి. ఆ యాట కూలిపోలేదు సరికదా, తరములు గడచిన కొలది ఆటగాండ్రు దానికి మఱింత కట్టుపడిరి.

వేలమంది కలసియున్న లోకమున ఒక్క యింటిలో కాలము నడచుట సాధ్యమా యని ఆట చేయు శిల్పులు అడుగుదురు. ఏల సాధ్యము కాదు? గడప బయట లోకము నిలిచియుండనిండు. ముసలమ్మ తన కోడిని వెదకుకొననిండు. గడప లోపల మాత్రము ఆటగాడు వచ్చిన దినములే లెక్కకు వచ్చునట్లు ఒక చిన్న గడియారము నడిపింపుడు. ఆ లోకములో ఇల్లు ప్రతియొకనికి విడిగానే యున్నది గదా! బిడ్డ ఒకయేడు అంగుళము ఎదుగును, చొక్కా పొట్టియగును, ఖడ్గము పట్టుదునని అల్లరి చేయును, లేదా నీ ఖడ్గమును చూచి అసహ్యపడును, ఒకనాడు మూట కట్టుకొని పట్టణమునకో ఓడ యెక్కియో పోవును, ఎప్పుడైన ఉత్తరము వ్రాయును. పోగలిగినవాడే బిడ్డ. పోలేనివాడు కుర్చీ.

మా వీధిలో పాత ఇండ్ల దూలములకు ఇనుప కొక్కెములు నేటికిని ఉన్నవి. ఉయ్యాలలు ఊడి అర్ధశతాబ్దమైనది. ఊగినవారిలో కొందరు హైదరాబాదునను, కొందరు అమెరికాలోను ఉన్నారు. కొందరు ఉప్పెనలో పోయిరి. ఇల్లు బాగుచేయించుకొన్న ప్రతివాడును గోడలకు క్రొత్తరంగు వేయించును, నేలకు గ్రానైటు పరపించును, ఆ కొక్కెమును మాత్రము ఊడదీయింపడు. అడిగినచో, "ఉండనియ్యండి, ఏం అడ్డం?" అనును. ప్రక్కవీధిలో క్రొత్తగా లేచిన రెండంతస్తుల భవనమొకటి యున్నది. గవాక్షములు, సోపానములు, తోటయు అన్నియు మా వాని మాయాసౌధమునకు తీసిపోవు. కాపలావాడు తప్ప ఉన్నవా డొక్కడును లేడు. ఆ భవనమును చూచినప్పుడు మాయాసౌధమును, మాయాసౌధమును చూచినప్పుడు ఆ భవనమును నాకు తోచుచున్నవి. ఆ భవనమున కొక్కెము లేదు. ఆట చేయు శిల్పులకు నే నీయగలిగిన సలహా యింతే: వేయి రకముల మంచములు గీసిన చేతితో దూలమున కొక కొక్కెము గీయుడు, మిగిలినది ఆటగాడు చూచుకొనును.

ముక్కనుమ వెళ్ళిన మఱునాడు ఉదయము బస్సుకు పోవుటకు మునుపు మా అక్కగారి మనుమడు లాప్‌టాప్ తెరచి, "ఒక్క నిముషం నాయనమ్మా" అని ఆమెను పిలిచెను. సౌధపు మేడగదిలో కత్తులు వ్రేలాడు గోడ ఖాళీ యై యుండెను. మూలగా, మరుగుజ్జు జాతివారి కొఱకు చేసిన పొట్టిమంచ మొకటి వేసియుండెను, దానిపై దుప్పటి మడిచియుండెను. "ఎవరికిరా?" అని ఆమె అడిగెను. "ఎవరికీ కాదు, ఊరికే వేశా" అని వాడు కొంచెము సిగ్గుపడెను. ఆమె తెరకు దగ్గరగా వంగి, ఎగాదిగా చూచి, "ఊరికేనైనా సరే, అట్లా మధ్యకు వెయ్యకు, గోడవారకు జరుపు, నిద్దట్లో దొర్లి పడతారు" అనెను. బయట బస్సు హారను మ్రోగుచుండెను. వాడు మంచమును జరుపుచుండెను.